జంగ్లీఘాట్ తాతలందరికీ ఒకటే కోటు

పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఎవరింట్లో సంవత్సరీకం జరిగినా, గోడ మీది పెద్దాయన ఫోటోకి వేసిన దండ వచ్చి పెదబాబు గుండెల మీద పడేది. అలాగని పెదబాబు పోయాడనుకునేరు! నిక్షేపంలా ఉన్నాడు. పొద్దున్నే చేపల రేవు దాకా నడిచి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఆ రోజు ఎవరింట్లో సంవత్సరీకమో వాకబు చేసి, మధ్యాహ్నం భోజనం ఖాయం చేసుకున్నాకే ఇంటిముఖం పట్టేవాడు. ఎవరైనా గుర్రుగా చూస్తే ఫోటో వైపు గడ్డం ఎగరేసి, "నాను రాకపోతే ఎలాగర్రా? మెడ కిందనించి ఆయన నానే కదా!" అనేవాడు. జనం నవ్వి విస్తరి వేసేవారు. ఒక్కరంటే ఒక్కరు నమ్మిన పాపాన పోలేదు.

నిజానికి అందులో అబద్ధం రవ్వంత లేదు.

ఇదంతా పెదబాబు కుర్రతనంలో మొదలైంది. అప్పుడతను బాంబూఫ్లాట్ ఫెర్రీలో లస్కరు. రేవు రాగానే తాడు విసిరి ఫెర్రీని కట్టేయడం అతని పని. ఒకసారి ఆ తాడులో ఇరుక్కుని ఎడమచేతి చిటికెన వేలు విరిగింది. అతుక్కుంది గానీ, వంకరగా అతుక్కుంది. ఆ రోజుల్లోనే శ్రీకాకుళం వైపు నుంచి మధ్యవర్తి ఒకాయన సంబంధం తెస్తే, పిల్ల తండ్రి అబ్బాయి ఫోటో పంపమన్నాడు. ఇంకేం, పెదబాబు తలకి నూనె దట్టించి మణి స్టూడియోకి వెళ్లాడు. ఆ స్టూడియోలో ఊరందరికీ ఒకటే కోటు. లావువాడికైనా బక్కవాడికైనా సరిపోవాలని దాని వీపు నిలువునా చీల్చి ఉంచారు. ముందునుంచి చూస్తే పెద్ద ఆఫీసరు, వెనకనుంచి చూస్తే చిరుగుల బనీను. స్టూడియో యజమాని మణికుమార్ అతన్ని చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, లుంగీ కనపడకుండా సర్ది, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ పెట్టి ఫ్లాష్ కొట్టాడు.

మర్నాడు వెళ్తే మణికుమార్ మొహం పక్కకి తిప్పుకుని, "ఫోటో రాలేదు భయ్యా. ఫిల్మ్ ఖరాబ్ అయిపోయింది," అన్నాడు. ఇంకోటి తీయించుకుందామంటే మెయిన్‌లాండ్ వెళ్లే ఓడ ఆ పూటే బయల్దేరుతోంది. మధ్యవర్తి ఫోటో లేకుండానే ఓడెక్కాడు. ఆయన మాటకారి కాబట్టి సంబంధం కుదిరింది. బుల్లెమ్మ పెళ్లికూతురిగా పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడ దిగింది, దిగి పెదబాబుని చూసింది.

చూసిన రోజునుంచి, నలభై ఏళ్ల పైమాటే, అదే దెప్పు. కూరలో ఉప్పెక్కువైందని పెదబాబు నోరు జారినా, గొడవ తిరిగి తిరిగి స్టూడియో దగ్గరే ఆగేది.

"ఫోటో అంపకుండా నన్ను తెచ్చుకున్నావు. స్టూడియోకెల్లావంట! కోటేసుకున్నావంట! సబ్ ఝూట్. మొకం సూపిత్తే పిల్ల రాదని నువ్వే అంపలేదు."

"ఒలే, ఆ కోటులో నన్ను సూసుంటే నువ్వు ఓడ కోసం ఆగేదానివా? ఈదుకుంటా వచ్చేదానివి!"

"ఏదీ, సూపించు మరి."

పెదబాబు దగ్గర చూపించడానికి ఏముంది గనక! ఆ ఒక్క ఫోటో ఎక్కడైనా దొరికి, బుల్లెమ్మ మొహాన పెట్టి, "సూడు, ఎవరిది ఝూట్?" అని అడగాలి. ముసలితనంలో అతనికి మిగిలిన కోరిక అదొక్కటే.

పెళ్లైన కొన్నాళ్లకి నూకన్న అనే ముసలాయన పోయాడు. పెద్దకర్మ భోజనానికి వెళ్లిన పెదబాబు, ఫోటో చూసి ముద్ద మింగలేకపోయాడు. నెరిసిన జుట్టు, బోసి నోరు, అది నూకన్న తలే. కింద మాత్రం ఉక్కులాంటి భుజాలు, కోటు, కుర్చీ చేతి మీద వంకర తిరిగిన చిటికెన వేలు. తన వేలు తనకి తెలియదూ? విస్తరి ముందునుంచి లేచి ఎంగిలి చేత్తోనే స్టూడియోకి పరిగెత్తాడు.

మణికుమార్ తడబడలేదు. టీ తెప్పించాడు. "ఏం చెయ్యమంటావు భయ్యా? ఆ ముసలాయనకి ఉన్నది ఒకటే ఫోటో. అందులో గోచీతో దోనె పక్కన నిలబడ్డాడు. కోటులో చూపించమని వాళ్లావిడ ఒకటే ఏడుపు. నీ ఒళ్లు ఖాళీగా ఉంది కదా అని పెట్టాను."

"మరి నా తలేదీ?"

"సమోసా తిను," అన్నాడు మణికుమార్.

ఎప్పుడడిగినా సమోసాయే సమాధానం. ఆయన కూడా కాలం చేశాడు, స్టూడియో మూతపడింది. ఈలోగా పెదబాబు ఒంటి మీదికి ఎన్ని తలలెక్కాయో! కోటు తొడిగే యోగం బతికుండగా పట్టని జాలర్లు, కూలీలు, కొట్లవాళ్లు, అందరూ పోయాక అతని భుజాల మీద కూర్చుని దర్జాగా గోడలెక్కారు.

ఇలా ఉండగా స్వాతి వచ్చింది. ఆ ద్వీపంలోదే, వండూర్ పిల్ల. మెయిన్‌లాండ్‌లో చదువుకుని, అక్కడే ఒక విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉద్యోగం చేస్తోంది. పాత క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, స్టూడియో ఫోటోలు సేకరించడం ఆ మ్యూజియం పని. ద్వీపాల్లో తెలుగువాళ్ల ఇళ్లలో ఉన్నవి తీసుకురండి, కాపీ తీసుకుని ఇచ్చేస్తానని తెలుగు సంఘం హాల్లో బల్ల వేసుకుని కూర్చుంది. చేతులకి తెల్ల గ్లవుజులు కూడానూ. అవి చూసి, డాక్టరమ్మ వచ్చిందనుకుని ఇద్దరు ముసలమ్మలు మోకాళ్లు చూపించి వెళ్లారు.

హార్డ్‌వేర్ కొట్టు తిరుమలేష్ వాళ్ల నాన్న ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెనకాలే నూకరత్నం వాళ్లాయన ఫోటో తెచ్చి దాని పక్కన పెట్టింది. ఇద్దరూ చూశారు. మళ్లీ చూశారు.

"అరె, మా నాన్న కోటు మీ ఆయన ఎందుకేసుకున్నాడు?" అన్నాడు తిరుమలేష్.

"మీ నాన్నే ఏసుకున్నాడు! మా ఆయనది కుట్టించిన కోటు," అంది నూకరత్నం.

వరసలో ఉన్నవాళ్లంతా తమ తమ పటాలు ముందుకి తోశారు. అదే కోటు, అదే కుర్చీ, అదే పూలకుండీ. ఎవరి తాతది అసలు కోటు, ఎవరి తాత అరువు తెచ్చుకున్నాడు అని హాలంతా గోల గోల. స్వాతి మాత్రం లంకెబిందెలు దొరికినట్టు మురిసిపోతోంది.

పెదబాబు ఇలాంటి రోజు కోసమే బతికాడు. కుర్చీ ఎక్కి నిలబడి ఎడమచెయ్యి పైకెత్తాడు. "కోటు స్టూడియోది. ఒళ్లు నాది! వేలు సూసుకోండర్రా!"

చూసుకున్నారు. ప్రతి పటంలోనూ ఆ వంకర వేలు ఉంది. ముందుగా తేరుకున్నది నూకరత్నమే.

"ఓలమ్మో! అంటే ఇన్నేళ్లూ శుక్కురవారం శుక్కురవారం నాను గంధం రాత్తన్నది నీ రొమ్ముకా!"

"నాను రాయమన్నానా?" అన్నాడు పెదబాబు బిక్కచచ్చిపోయి.

హాలు చివర కూర్చున్న బుల్లెమ్మ లేచింది. "ఎన్ని కొంపల్లో దండలేయించుకున్నావయ్యా?" అని అడిగింది. ఆ కుర్చీ దిగడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. మణికుమార్ కూతురు సాయిలక్ష్మి వాళ్ల నాన్న నెగటివ్‌లన్నీ ఒక రేకుపెట్టెలో పెట్టి స్వాతికి ఇచ్చేసింది. అందులో కోటు నెగటివ్ దొరికింది. స్వాతి దాన్ని కింద దీపం పెట్టిన గాజుబల్ల మీద పరిస్తే, పెదబాబు వంగి చూశాడు. కోటు ఉంది, వేలు ఉంది. మెడ పైన మాత్రం ఎర్రరంగు దట్టంగా పూసి ఉంది. వేరే తల అతికించడానికి వీలుగా మణికుమార్ అసలు తలని కప్పేశాడు.

"ఆ రంగు కిందే నానున్నాను!" అని పెదబాబు భుజం మీది తువ్వాలు కొస నోట్లో తడిపి నెగటివ్ మీదికి దూకాడు. స్వాతి కెవ్వుమని అరిచి బల్లకి అడ్డం పడింది.

"తాతా, ముట్టుకోకు! మ్యూజియంకి ఏ వస్తువు ఎలా వస్తే అలాగే ఉంచాలి. ఆ రంగే మాకు ముఖ్యం. ఊళ్లో తాతలందరికీ కోటు ఎలా వచ్చిందో చెప్పేది అదే కదా!"

"నా మొకం కంటే నీకు ఆ ఎర్రరంగు ఎక్కువైపోయిందా? కిర్సనాయిల్ చుక్క ఏత్తే పోద్ది బిడ్డా! ఒక్క చుక్క!"

ఆ ముసలాడు బతిమాలడం చూసి స్వాతికి జాలేసింది. రంగు తుడవకుండానే దాని వెనకున్నది తీసే కెమెరా యూనివర్సిటీలో ఉందని, ప్రయత్నిస్తానని మాటిచ్చి నెగటివ్ పట్టుకుపోయింది.

ఆమె తిరిగొచ్చేదాకా పెదబాబు పాట్లు పగవాడికి కూడా వద్దు. ఒళ్లు అతనిదేనని రుజువయ్యాక సంవత్సరీకాలకి పిలిచే నాథుడే లేడు. బతికున్నవాడికి దండ వెయ్యడం అరిష్టమని కొందరు, సిగ్గని కొందరు. నూకరత్నమైతే వాళ్లాయన పటానికి మెడ కిందనుంచి తువ్వాలు చుట్టేసింది. ఇంట్లో బుల్లెమ్మ ఊరుకుంటుందా? "ఒళ్లు నీదే అయితే అయింది. తల ఎవడిదో! ఆ రంగు కింద ఏ సినిమా యాక్టరున్నాడో!" అని కొత్త పాట ఎత్తుకుంది.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం స్వాతి కవరు పట్టుకుని ఇంటికే వచ్చింది. మొహంలో ఏదో మొహమాటం. పెదబాబు అదేం గమనించలేదు. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ కూర్చుని కవరు చింపాడు.

తలే వచ్చింది. తన తలే. నూనె పెట్టి దువ్విన జుట్టు, సన్న మీసం, అంతా ఉంది. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఫ్లాష్ వెలిగిన క్షణంలో పెళ్లికొడుకు బెదిరిపోయాడు.

సమోసాల అర్థం పెదబాబుకి అప్పుడు తెలిసింది. కుర్రాడి పరువు పోతుందని మణికుమార్ నేరం ఫిల్మ్ మీదికి నెట్టేశాడు, చచ్చేదాకా నోరు విప్పలేదు. నలభై ఏళ్లు తను వీధివీధినా కోసిన కోతలన్నీ గుర్తొచ్చి పెదబాబుకి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు కూడా.

"తాతా, కంప్యూటర్‌లో కళ్లు తెరిపించేద్దాం. దో మినట్ కా కామ్," అంది స్వాతి.

"తెరిపించేయమ్మా. బుల్లెమ్మ సూడకముందే తెరిపించేయ్."

బుల్లెమ్మ అప్పటికే వెనక నిలబడి ఉంది. ఫోటో లాక్కుని గుమ్మం వెలుగులోకి తీసుకెళ్లింది. చాలాసేపు చూసింది. దెప్పుతుందేమోనని పెదబాబు తల వంచుకున్నాడు.

"ఏటీ తెరిపించక్కర్లేదు," అంది చివరికి. "ఇది నువ్వే. రోజూ నాను లేసేసరికి పక్కన ఇలాగే నోరు తెరుసుకుని పడుంటావు. కళ్లు తెరిత్తే కోతలు మొదలెడతావు."

పెదబాబు కళ్లు తుడుచుకుని అడిగాడు. "ఒలే, అప్పుడే ఈ ఫోటో అంపుంటే... నువ్వు వచ్చుందువా?"

"ఛీ, ఈ మొకానికా? ఓడ కాదు గదా, రేవు దాకా కూడా రాకపోదును," అంది బుల్లెమ్మ. ఫోటోని పమిటచెంగుతో మెల్లగా తుడిచింది. "మంచి పనే అయింది, అంపకపోడం."