నూట నలభై నాలుగు మగ్గుల నీళ్లు

ఈ సంగతి రాయడానికి మా మనవరాలు ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. ఎవరి పేరూ ఉండకూడదు, తను చదువుకునే ఊరి పేరు కూడా. సరేనన్నాను. తేదీలు మాత్రం ఉంటాయని చెప్పాను. తేదీలు లేకుండా నాకు రాయడం రాదు. నేను పదో తరగతి వరకు ఆసిఫాబాదులో మేనమామ ఇంట్లో ఉండి తెలుగులో చదువుకున్నాను. మనవరాలు మా ఊరు చంద్రపూర్‌లోనే మరాఠీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. కాబట్టి రాసిందంతా నేనే చదివి వినిపించాలి. దాటేయవలసిన చోట దాటేస్తాను.

మాది సిమెంటు, ఇనుము అమ్మే కొట్టు. మా మామగారి కాలంలో సున్నం అమ్మేవాళ్లం. కొట్టు వెనక సున్నం నానబెట్టే గుంట ఉండేది. సిమెంటు వచ్చాక దాన్ని పూడ్చేసి పైన గోదాము గచ్చు వేశాం. నలభై ఒక్క ఏళ్లుగా ఆ గోదాములో బస్తాల లెక్క నాదే. ఉప్పర్వాహి ఫ్యాక్టరీ నుంచి లారీలో వచ్చిన బస్తా దించేటప్పటికి ఇంకా వెచ్చగా ఉంటుంది. మనవరాలు చిన్నప్పుడు చలికాలం పొద్దున్నే వాటి మీద కూర్చుని పాలు తాగేది.

అలాంటి పిల్ల సున్నం నేర్చుకోవడానికి ఇటలీ వెళ్తానంది. పాత గోడల మీది పూతలూ బొమ్మలూ బాగుచేసే చదువట. మా అబ్బాయికి, అంటే ఆమె తండ్రికి, ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు.

"మన గుంట మనమే పూడ్చినం. గిప్పుడు అక్కడికి పోయి ఎవరి గుంట చూస్తవ్ బిడ్డా?" అన్నాడు.

చివరికి ఒక మాట మీదికి వచ్చారు. అక్కడ మొదటి ఎనిమిది వారాలు పరీక్ష కాలం. అందులో నెగ్గితే ఐదేళ్లు చదువుకోవచ్చు. నెగ్గకపోతే ఆమె వెనక్కి వచ్చి కొట్టులో గల్లా దగ్గర కూర్చోవాలి. ఇద్దరూ నా ఎదుట ఒప్పుకున్నారు. తేదీ వేసి డైరీలో రాసుకున్నాను.

సెప్టెంబరు 20, శనివారం బయలుదేరింది. పెట్టెను కొట్టులోని కాటా మీద తూచాం. విమానంలో ఒప్పుకునే ఇరవై మూడు కిలోలకు వంద గ్రాములు తక్కువ ఉంది. ఆ వంద గ్రాములు వృథా చేయడం ఎందుకని నీలం రంగు ప్లాస్టిక్ మగ్గు పెట్టాను. లీటరు పట్టే మగ్గు, తొంభై గ్రాములు.

"అత్తమ్మా, ఇటలీల మగ్గు దొరకదా?" అంది కోడలు.

"దొరకదు."

"గంత పెద్ద దేశంల?"

"గంత పెద్ద దేశంలనే దొరకదు. పక్కింటి డాక్టరు కొడుకు పోయొచ్చిండు గద, అడుగు."

అడగలేదు. మగ్గు వెళ్లింది. తర్వాత జరిగినదానికి మూలం చెప్పాలంటే ఈ వంద గ్రాముల మిగులు వరకు పోవాలి.

ప్రతిరోజూ మాకు రాత్రి ఎనిమిదింటికి, వాళ్లకు సాయంత్రం నాలుగున్నరకు నేను ఫోన్ చేసేదాన్ని. మొదటి వారం ఆమె చెప్పినవి ఇవి. రొట్టెలో ఉప్పు ఉండదు. గదిలో ఇంకో అమ్మాయి ఉంది, ఆమె కిటికీ తెరిచి పడుకుంటుంది. మధ్యాహ్నం కొట్లన్నీ మూసేస్తారు. నాన్నకు చెప్పొద్దు. మగ్గు పనికొస్తోంది.

క్లాసులు సెప్టెంబరు 29న మొదలయ్యాయి. మొత్తం పన్నెండు మంది. మూడో రోజున వాళ్లకు సున్నం చూపించారు. రెండేళ్లుగా నీళ్లలో నానుతున్న సున్నమట, వెన్నలా ఉందట. రెండేళ్లు అన్న మాట దగ్గర నేను ఆగాను. మా మామగారు ఆరు నెలలు నానబెడితేనే ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు.

అక్టోబరు 10, శుక్రవారం. ఆ రోజు మాట్లాడినది నాకు పూర్తిగా గుర్తుంది. గుర్తుండాలి కూడా.

"బాపమ్మా, ఇయ్యాల మా పలకలు చేసినం," అంది. మా మనవరాలు నన్ను బాపమ్మ అంటుంది, నాయనమ్మ అనదు. "పెద్ద పెంకు మీద పొద్దున సున్నం పూసినం. తడి ఆరకముందే పొద్దుమీకి రంగులు వేసినం. గీ పలక మీదనే మాకు మార్కులు. ఎనిమిది వారాలు నిండినంక చూస్తరు."

"నీళ్లు కొట్టిన్రా?"

"లేదు."

"ఎవ్వరూ కొట్టలే?"

"ఎవ్వరూ కొట్టలే. టీచరమ్మ గూడ ఏం చెప్పలే."

"అంతమంది సదువుకున్నోళ్లు ఉండి గోడకు నీళ్లు కొట్టాల్నన్న సోయి ఒక్కలకన్న లేదా? రేపు, ఎల్లుండి సెలవంటివి. ఎవరు కొడతరు మరి?"

"ఎవరు కొడతరు? తలుపుకు నంబరు నొక్కితే తెరుచుకుంటది, పోవొచ్చు."

"అయితే నువ్వే పో. పొద్దుమాపు కొట్టు. నీదొక్కటే కొడితే మంచిగుండదు, అందరివీ కొట్టు."

ఈ చివరి మాట నాదే. ఇంకెవరి మీదా పెట్టను.

చదివేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. మా కొట్టుకు వచ్చే ప్రతి మనిషీ సిమెంటు కొన్నాక ఒకే ప్రశ్న అడుగుతాడు: ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలి? మా ఆయన బతికున్నన్నాళ్లూ తల ఎత్తకుండానే "ఏడు రోజులు, పొద్దుమాపు" అనేవారు. ఆయన తర్వాత నేను చెప్పాను. మే నెలలో మా ఊళ్లో గోడ మీద మగ్గు నీళ్లు పోస్తే మగ్గు దించేలోగా ఆరిపోతుంది. నీళ్లు కొట్టని గోడ, పాలు తాగని పిల్ల మాకు ఒకటే. మనవరాలికి ఎక్కాల కంటే ముందు ఇది వచ్చు.

ఆదివారం సాయంత్రం ఆమె లెక్క చెప్పింది. పలకకు మూడు మగ్గులు, పన్నెండు పలకలు, రోజుకు రెండుసార్లు, రెండు రోజులు. నూట నలభై నాలుగు మగ్గులు, అంటే నూట నలభై నాలుగు లీటర్లు. బాత్రూం నుంచి పనిశాలకు మోయడానికి బకెట్టు లేదు. మగ్గుతోనే మోసిందట. చేతులు నొప్పి పుట్టాయంది. డైరీలో "మంచి పని చేసింది" అని రాశాను. ఆ పేజీ ఇంకా ఉంది.

సోమవారం నేను చేయకముందే ఫోన్ వచ్చింది. మాకు మధ్యాహ్నం ఒంటిగంట నలభై.

"బాపమ్మా, ఝాలం. సంపలం. నేను టికెట్ చూస్తున్న."

అయిపోయింది, అంతా అయిపోయింది అని మరాఠీలో. ఆమె ఏడిస్తే మరాఠీలోనే ఏడుస్తుంది.

"ఏమైంది, సక్కగ చెప్పు."

"అందరివి ఖరాబ్ అయినయ్. నీలం రంగు కారి కిందికి వొచ్చింది. మిగిలిన వాటి మీద తెల్లగ పొర లేసింది, ఏం బొమ్మనో తెలుస్తలేదు. మూడింటి పూత జారిపోయింది. టీచరమ్మ పైకప్పు చూసింది, వాన పడిందేమో అని. పైకప్పు మంచిగనే ఉంది."

"నువ్వేమన్నవ్?"

"నేను కొట్టిన అని చెప్పిన. ఎందుకని అడిగింది. మంచికే అని చెప్పిన."

పన్నెండు పలకలంటే పన్నెండు మంది రెండు వారాల పాఠం. టీచరమ్మ అరవలేదట. పాడైనవాటిలో పదకొండు మా మనవరాలివి కావు కాబట్టి, ఆమె ఉండాలా వద్దా అన్నది ఆ పదకొండు మందే బుధవారం చెప్పాలని తేల్చింది. అంతవరకు పనిశాలలోకి రావద్దంది. మగ్గు తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

"బాత్రూంల ఎట్లనే మరి?" అన్నాను.

"బాపమ్మా! గదా నువ్వు అడిగేది?"

మా అబ్బాయికి చెప్పక తప్పలేదు. విన్నాడు. "పాపం" అన్నాడు. మంగళవారం పొద్దున కొట్టులో గల్లా పక్కన రెండో కుర్చీ ఉంది. కొత్తగా రెగ్జిను వేయించాడు.

ఆ కుర్చీని చూసి, ఆ రోజు సాయంత్రం నేను టీచరమ్మతో మాట్లాడాలన్నాను. మనవరాలు వద్దంది. నేను ఫోన్ పెట్టనన్నాను. ఆమె ఫోన్ పట్టుకుని టీచరమ్మ గదికి నడిచింది. తెరలో ముందు మెట్లు, తర్వాత ఒక తలుపు, తర్వాత ఒక ఆడమనిషి కనిపించాయి. తెల్ల జుట్టు, చొక్కా మీద సున్నం మరకలు. అరవై ఒకటి అని తర్వాత తెలిసింది. నాకు డెబ్బై నాలుగు. మనవరాలు మధ్యలో నిలబడి ఇంగ్లీషులోకి మార్చింది.

"నీళ్లు కొట్టమన్నది నేను. అందరివీ కొట్టమన్నది గూడ నేనే. పిల్ల చెప్పినట్టు చేసింది. గది చెప్పు."

చెప్పింది. టీచరమ్మ ఎన్ని రోజులు కొట్టమన్నారని అడిగింది.

"ఏడు. ఎండకాలం అయితే పద్నాలుగు."

ఎందుకు అని అడిగింది.

"బలం రావాలంటే. రెండేండ్లు నీళ్లల్ల నానిన సున్నమేనాయె. ఇంకో రెండు దినాలు కొడితే ఏం మునిగింది? అడుగు."

"బాపమ్మా, గది నేను అడగ."

"అడుగు."

అడిగింది. టీచరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. కాగితం తీసి రెండు గోడలు గీసింది. ఒకటి సిమెంటుది, దానికి నీళ్లు కావాలి. రెండోది సున్నంది. సున్నం నీళ్లలో ఉన్నంతకాలం గట్టిపడదు, అలాగే ఉంటుంది. గోడ మీదికి వచ్చాక గాలి పీల్చుకుని మెల్లగా రాయవుతుంది. రంగును పట్టి ఉంచేదీ ఆ గాలే. అది గాలి కోసం చూస్తున్నప్పుడు మీరు నీళ్లు పోశారు. ఇంతే చెప్పింది. ఐదు నిమిషాలు పట్టింది. నలభై ఒక్క ఏళ్లు సున్నపు గుంట మీద కూర్చుని లెక్కలు రాసినదాన్ని, నాకిది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

బుధవారం పదకొండు మందీ చెప్పారు. ఎనిమిది మంది ఉండనీ అన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఆ ముగ్గురూ పూత జారిన పలకలవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. టీచరమ్మ తీర్పు ఏమిటంటే, పన్నెండు పలకలూ మా మనవరాలు ఒక్కతే మళ్లీ పూయాలి, క్లాసుకు ముందు, రోజుకు రెండు. ఎవరి పలక పూసిన రోజు వాళ్లు రంగు వేసుకుంటారు. నవంబరు 21తో ఎనిమిది వారాలు. ఆ రోజున పన్నెండింటిలో ఏ ఒక్క పూత బీటలిచ్చినా ఆమె పోవాలి. మగ్గు అప్పటివరకు బీరువాలోనే.

గురువారం మొదలుపెట్టింది. శనివారం సెలవైనా పూసింది; మధ్యలో ఒక ఆదివారం పోను ఆరు రోజులు. లక్ష్మీపూజ నాడు మేం కొట్టులో దీపాలు పెడుతుంటే ఆమె తొమ్మిదో పలక, పదో పలక పూసింది.

ఆ వారంలోనే నేను గోదాము వెనక గోడ చూడటానికి వెళ్లాను. అది మా మామగారు సున్నంతో కట్టించిన గోడ. ఇరవై ఆరేళ్ల కిందట దాని మీద నేను సిమెంటు పూత వేయించి, ఇరవై ఒక్క రోజులు పొద్దుమాపు దగ్గరుండి నీళ్లు కొట్టించాను. మూడో ఏడుకే పూత ఉబ్బి పెచ్చులుగా రాలింది. పాత డైరీ తీశాను. "మేస్త్రీకి పనితనం లేదు, ఇక పిలవకూడదు" అని నా చేతిరాత. పిలవలేదు కూడా. ఊపిరి కావలసిన సున్నాన్ని సిమెంటు కింద మూసి పైన నీళ్లు కొట్టించింది నేను.

ఆ మేస్త్రీ ఇప్పుడు మా ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఏ మేకులకో మా కొట్టుకు వస్తూనే ఉంటాడు, నమస్తే పెడుతూనే ఉంటాడు. నవంబరు మొదటి వారంలో వచ్చినప్పుడు ఆపాను.

"ఆ గోడ తప్పు నీది కాదు. నాది," అన్నాను.

"ఏ గోడమ్మా?" అన్నాడు.

గోదాములోకి తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఇది నేను చేసిందేనా?" అన్నాడు. మేకులు తీసుకుని వెళ్లిపోయాడు. డైరీలో ఆ పాత వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన తేదీ వేశాను. అందులో నేను కొట్టేసిన మొదటి వాక్యం అది.

మనవరాలికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకున్నారు. అప్పటినుంచి తొమ్మిదింటికి చేశాను. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. గోడ గురించి నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే, అది అడగకూడదు.

"ఏం అడగకు బాపమ్మా. చూడు, చాలు," అని ఒక రోజు ఆమె ఫోన్‌ను పలకల ముందు నిలబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. పందొమ్మిది నిమిషాలు ఇద్దరం గోడలు చూశాం. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే మంచిదని ఆమె చెప్పింది. డైరీలో అలాగే రాశాను.

నవంబరు 21, శుక్రవారం టీచరమ్మ ఒక్కో పలక మీద వేలితో తడుతూ చెవి పెట్టి విన్నదట. పదకొండు సరిగ్గా పలికాయి. పన్నెండోది, మా మనవరాలిది, దాని దగ్గర రెండుసార్లు తట్టింది. తర్వాత వెళ్లి బీరువా తాళం తీసింది. మగ్గు తెచ్చి చేతికిచ్చింది. అంటే నెగ్గింది. మనవరాలు ఆ రోజు మరాఠీలో ఏడవలేదు, తెలుగులోనే మాట్లాడింది. మా అబ్బాయి ఫోన్ తీసుకుని, "మరి సెలవులెప్పుడిస్తరు బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

రెండో కుర్చీ ఖాళీగా ఉండటం బాగోలేదని దానిలో నేను కూర్చుంటున్నాను. రెగ్జిను మంచిదే వేయించాడు. సిమెంటు కొన్నవాళ్లు ఎప్పటిలాగే ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలని అడుగుతారు. ఏ గోడ అని ముందు నేను అడుగుతున్నాను. కొందరికి విసుగ్గా ఉంది.