కిందనుంచి తీసిన ఫొటోలు

విజయనగరంలో ప్యాసింజరు ఎక్కాను. ఎదుటి సీటులో జుట్టుకి ఎర్రరంగు వేసుకున్న పాతికేళ్ల మనిషి, ఒళ్లో కెమెరా, కాళ్ల దగ్గర చిన్న చక్రాల స్కేటింగ్ చెక్క. అతని వాలకం నాకు నచ్చలేదు. అతనేమో కెమెరా నా చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, ఇందులో మా వోడి మొహం ఎక్కడైనా ఉన్నాదేమో సూడండి. రాత్రి నుంచి ఎతుకుతన్నాను."

వాడు అతని స్నేహితుడు. విశాఖ బీచిరోడ్డులో ఇద్దరూ కలిసి స్కేటింగ్ చేసేవారట. చేపల వేటకెళ్లిన పడవ బోల్తాపడి వాడు పోయాడు. శవం కూడా దొరకలేదు. మర్నాడే దినం. పటం కట్టించడానికి వాళ్లమ్మ ఒక్క ఫొటో తెమ్మందట.

నేను బొత్తాం నొక్కుతూ పోయాను. చిరిగిన బూట్లు, గాల్లో చక్రాలు, వీపు, వంచిన తల. అన్నీ అవే.

"మొహం తియ్యలేదేటి?" అన్నాను, కొంచెం కోపంగానే.

"మేం నేలమీద బోర్లా పడుకుని కాళ్లే తీస్తాం. మొహం తీస్తే పెళ్లి ఫొటోలని మా స్కేటింగోళ్లే నవ్వుతారు."

"పోనీ, ఆధార్ కార్డు?"

"అది సూసి, ఈడు నా కొడుకు కాదనీసింది వాళ్లమ్మ."

గరివిడి వచ్చింది. నేను దిగాలి. కెమెరా తిరిగి ఇచ్చి ప్లాట్‌ఫారం మీదికి దిగాను. అతను కిటికీలోంచి ఒక ఫొటో చూపించాడు. చెక్కకి జానెడు ఎత్తున గాల్లో రెండు కాళ్లు, వెనకంతా ఆకాశం.

"వాడికి ఇదంటే పేణం. దీనికి దండ ఎలాగెయ్యాల, మాస్టారూ?"

బండి కదిలింది. ఏదో ఒకటి చెప్పాలని కిటికీ పక్కనే నడిచాను. ప్లాట్‌ఫారం అయిపోయింది.