మంచుబండికి పెళ్లిచూపులు

డెబ్బై దగ్గరపడ్డాక మా ఆయనకి కొత్త బండి మీద మోజు పుట్టింది. కారైతే ఊరుకునేదాన్ని. ఇది చక్రాలు లేని బండి. ముందు రెండు స్కీలు, వెనక ఒక రబ్బరు పట్టా, మధ్యలో సీటు. మంచు మీద తప్ప మరెక్కడా కదలదు. లోకం దాన్ని స్నోమొబైల్ అంటుంది, మా ఇంట్లో మంచుబండి అంటాం. కోపం వచ్చినప్పుడు నేను నా సవతి అని కూడా అంటాను.

మేముండేది జర్మనీలో, ష్వార్జ్‌వాల్డ్ కొండల్లో ఒక చిన్న ఊరు. మా ఆయన ఇక్కడ డాక్టరు. ఆయన తర్వాత ఈ ఊరికి రావడానికి ఏ కుర్ర డాక్టరూ ఒప్పుకోక ఆయన రిటైర్మెంటు ఏటేటా వాయిదా పడుతోంది. ఊరికి పైన, కొండ మీద కొన్ని రైతుల ఇళ్లున్నాయి. చలికాలంలో దారి మీది మంచు తోసే బండి సగం దూరం వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. ఆపైన మిగిలేది ముసలివాళ్లూ, వాళ్ల ఆవులూ. పశువుల డాక్టరు కూడా అక్కడికి వెళ్లాలంటే నసుగుతాడు. మా ఆయన నసగరు. ఈ దేశంలో మంచుబండి సరదాకి నడపనివ్వరు, అడవిలో లేళ్లు బెదురుతాయట. డాక్టరు కాబట్టి ఊరి ఆఫీసు వాళ్లు ఆయనకి గెనేమిగుంగ్, అంటే అనుమతి, ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి తన డాక్టరు పట్టా కంటే పైన తగిలించుకున్నారు.

కరోనా వచ్చిన మొదటి చలికాలంలో పాత బండి కొండ దారిలో ఆగిపోయింది. మధ్యాహ్నం వెళ్లిన మనిషి చీకటి పడ్డాక నడిచి వచ్చారు. కనుబొమల మీద మంచు గడ్డకట్టి ఉంది. ఏమైందండీ అంటే, "ఏముందే, బండి మొరాయించింది. కాస్త నడిచాను. నడక ఒంటికి మంచిదేగా" అన్నారు. చారు తాగి, దుప్పటి ముసుగేసి పడుకున్నారు. కిటికీ దగ్గర నేను ఎలా నిలబడ్డానో అడగలేదు. ఆయన తిరిగి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఫోన్ ఎత్తిన వాళ్లతో ఏ భాషలో ఏడవాలో నాకు తోచలేదు. ఇంకో చలికాలం అలా నిలబడటం నావల్ల కాదు. ఆ మాటే పైకి చెప్పాను. "కొండ మీదికి వెళ్లడం మానెయ్యండి."

చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు అని మా అమ్మ ఊరికే అనలేదు.

"మాననే. పాత బండి మానేస్తాను. కొత్తది కొంటాను" అన్నారు.

వేసవంతా అదే ధ్యాస. షాపులు పట్టుకు తిరిగే రోజులు కావు కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చుని మూడు కంపెనీల బండ్లు ఎంచారు. కంపెనీల పేర్లు చెప్పను, వాటి తరఫున ఎవరో ఒక బంధువు కొట్లాటకి వస్తాడు. రంగులు చాలు. ఎర్రది, నీలందీ, నల్లది. ఎర్రదానికి బలం ఎక్కువ. నీలం నమ్మకమైనది. నల్లదాంట్లో సుఖం. పెళ్లి సంబంధాల భాషలో చెప్పాలంటే ఎర్రది జీతం బాగా ఉన్న కుర్రాడు, ముక్కు మీద కోపం. నీలం గవర్నమెంటు ఉద్యోగం, ఒళ్లు బరువు, దురలవాట్లు లేవు. నల్లది కలిగిన ఇంటి పిల్లాడు, సీటూ వెచ్చగా ఉంటుంది, చేతి పిడులూ వెచ్చగా ఉంటాయి, పనిలోకి దిగితే ఎలా ఉంటాడో ఎవరికీ తెలీదు. మా ఆయన మనసు ఎర్రదాని మీద పడింది. అల్లుణ్ణి వెతికేటప్పుడు మాత్రం గవర్నమెంటు ఉద్యోగమే కావాలన్నారు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మనవాళ్లు నలుగురిని అడగనిదే కుక్కరు కూడా కొనరు. ఆ నలుగురిలో ఏ ఇద్దరికీ మాట కలవదు. ఈ బండి విషయం నలుగురిలో పెడితే తేలేసరికి కొండ మీద మంచు కరిగిపోతుంది, ఇంకో ఏడాది గడిచిపోతుంది. అప్పటికి ఆయన మోకాలే ఆయనకి బుద్ధి చెబుతుంది. అందుకని ఎంతో వినయంగా, "ఏవండీ, పెద్ద వస్తువు. ఆదివారం జూమ్‌లో మనవాళ్లని కూడా ఒక మాట అడగకూడదూ?" అన్నాను. ఆయన పొంగిపోయారు. పెళ్లయిన ఇన్నేళ్లకి నేను ఆయన బండిని గౌరవించానని.

కరోనా రోజుల్లో ప్రతి ఆదివారం మా తెలుగువాళ్లు జూమ్‌లో కలిసేవాళ్లం. మొదట్లో విష్ణు సహస్రనామం చదివాం. తర్వాత వంటలు. ఆపైన ఎవరికి ఏ టీకా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిందో చెప్పుకునేవాళ్లం. అవన్నీ అయిపోయి అందరూ విసుగ్గా ఉన్న సమయంలో మా మంచుబండి దొరికింది. మంచుబండిని అందులో ఒక్కరూ కంటితో చూసినవాళ్లు కాదు. అందువల్ల అభిప్రాయాలకి లోటు లేకపోయింది.

జార్‌బ్రూకెన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. మా అందరికంటే ముందు ఈ దేశం వచ్చిన ఇంజనీరు. "బావగారూ, బలం చూసి మోసపోకండి. ఇంజను నమ్మకంగా ఉండాలి. నేను ఫ్యాక్టరీలో..." అని మొదలుపెట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి క్యాంటీన్ దాకా తిప్పి చూపించారు.

జీగెన్‌లో మెకానికల్ చదువుతున్న కరీంనగర్ కుర్రాడు అడ్డుపడ్డాడు. "అంకుల్, గదంత సరే. మైలేజ్ ఎంతిస్తదట?"

"మంచులో మైలేజ్ ఎవరు చూస్తారయ్యా?" అన్నారు మా ఆయన.

"గట్లంటే ఎట్ల అంకుల్? రేపు అమ్మేటప్పుడు ఫస్ట్ గదే అడుగుతరు. రీసేల్ గూడ జూసుకోవాలె."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. బండి కొనకముందే దాన్ని ఎవరికి అమ్మాలో అన్న విషయం మీద ఆ పూటంతా నడిచింది. నేను పకోడీలు వేయించుకుంటూ ఆనందంగా విన్నాను. నా ఉపాయం బ్రహ్మాండంగా పారుతోంది.

మరుసటి ఆదివారం ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉండే డెంటిస్టు వదిన నోరు విప్పింది. ముందుగా నల్లదాన్ని కొట్టేసింది. "అన్నయ్యగారికి అసలే ఏలినాటి శని నడుస్తోంది, నల్ల బండేమిటి వదినా?" అంది. ఎర్రదాని ఫొటో తెర మీద పెట్టగానే ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేంటండీ, ఒక్కటే సీటు! ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తారమ్మా ఆ మంచులో?" అన్నారు మా ఆయన.

"వస్తారని కాదు అన్నయ్యగారూ. ఒకవేళ వస్తే? మన ఇళ్లల్లో ఒక్క సీటు బండి ఎవరైనా కొంటారా?"

జార్‌బ్రూకెన్ ఇంజనీరు గారు తల ఊపారు. జీగెన్ కుర్రాడు, "ఆంటీ కరెక్ట్ చెప్పిన్రు" అన్నాడు. ఇన్నేళ్ల జర్మనీ జీవితంలో తెలుగువాళ్లు ఏకగ్రీవంగా ఒక మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు. రెండు సీట్ల నీలం బండి ఖాయమైంది. నా ఉపాయం నన్నే ముంచింది. మా ఆయనకి ఎర్రది పోయిందని దిగులు, నాకు ఏదో ఒకటి తేలిపోయిందని దిగులు. ఎవరి దిగులు వాళ్లం అన్నంలో కలుపుకుని తిన్నాం.

క్రిస్మస్ ముందరి అడ్వెంట్ రోజుల్లో బండ్ల షాపు వాళ్లు టెర్మిన్ ఇచ్చారు. ముక్కు నొప్పెట్టే మాస్కులు పెట్టుకుని, టీకా కోడు చూపించి లోపలికి వెళ్లాం. వెనక పెరట్లో మంచు మీద మూడు బండ్లూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. సభ నిర్ణయం ఏదైనా సరే, ఎర్రదాన్ని ఒక్కసారి ఎక్కి చూస్తానన్నారు మా ఆయన. ఎక్కండి, ఎవరొద్దన్నారు అన్నాను.

హ్యాండిల్ పట్టుకుని కుడి కాలు ఎత్తారు. కాలు సీటు ఎత్తు దాకా వెళ్లి ఆగింది. దించి మళ్లీ ఎత్తారు. రెండోసారి అంత ఎత్తు కూడా లేవలేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఇంకో రోజైతే అనేసేదాన్ని. మాస్కు పైన ఆయన కళ్లు చూసి మింగేశాను. షాపతను మర్యాదస్తుడు, ఆకాశంలో ఏదో కొత్తగా కనిపించినట్టు అటు చూస్తూ నిలబడ్డాడు.

నీలం బండికి కాలు పెట్టుకునే పలక వెడల్పు. నా భుజం పట్టుకుని ఎక్కగలిగారు. హ్యాండిల్ ఒక పక్కకి తిప్పారు, రెండో పక్కకి తిప్పబోయి భుజం పట్టేసి పళ్లు బిగించారు. తర్వాత మెల్లగా దిగి, నాకేసి చూడకుండా, "నువ్వెక్కు" అన్నారు.

"నేనా? నాకేం వచ్చండీ?"

"గుంటూరులో కాలేజీకి మోపెడ్ మీద వెళ్లిన దానివేగా. ఎక్కవే." షాపతని వైపు తిరిగి జర్మన్‌లో, నడిపేది మా ఆవిడ, అన్నారు. అదేదో ముందే అనుకుని వచ్చిన సంగతి అన్నట్టు, చాలా మామూలుగా అన్నారు.

ఏడాది పాటు ఆయనతో పోట్లాడి గెలిచాను కదా, సంతోషం కలగాలి. కలగలేదు. మూడు బండ్ల నమ్మకాన్నీ సుఖాన్నీ బలాన్నీ నెలల తరబడి తూకం వేశాం. నడిపే మనిషి సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టిన ఒక్కదాన్నీ నేనే, నేను కూడా దాన్ని వేళాకోళం కిందే వాడుకున్నాను.

ఎక్కాను. పెరడంతా ఒక చుట్టు తిప్పి, మూల పోగేసిన మంచుగుట్టలోకి తిన్నగా తీసుకెళ్లి దించాను. షాపతను పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన అక్కడి నుంచే, "కాలి బ్రేకు కోసం వెతికింది, అంతే!" అని కేక పెట్టారు. గొంతులో గర్వం వినిపించింది. కొనేటప్పుడు హెల్మెట్ ఊరికే వెయ్యమని అడిగాను. ఊరికే ఎందుకు వెయ్యాలో షాపతనికి అర్థం కాలేదు, కానీ ఇచ్చాడు.

అనుమతిలో నా పేరు కూడా చేర్చాలి. ఊరి ఆఫీసులో అమ్మాయి, "నడిపిన అనుభవం ఉందా?" అని అడిగింది. ఇన్నేళ్లుగా ఈయన్నే నడుపుతున్నాను అన్నాను. నవ్వలేదు గాని రాసుకుంది.

బండి ఇంటికొచ్చిన రోజు జూమ్‌లో అందరి ఎదుటా పూజ చేశాం. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాలి కదా, చక్రాలేవీ? స్కీల కిందా, పట్టా కిందా అని కాసేపు తగువైంది. చివరికి స్కీల కిందే పెట్టి బండి ముందుకి పోనిచ్చాను. కాయలు చితకలేదు. రాత్రంతా బాల్కనీలో ఉండి రాళ్లలా గట్టిపడ్డాయి, చెక్కుచెదరకుండా మంచులోకి దిగబడ్డాయి. దిష్టి పోలేదని వదిన, మంచు మెత్తన గనక లెక్కలోకి రాదని ఇంజనీరు గారు వాదించుకుంటుండగా కరెంటు దండగని కంప్యూటర్ కట్టేశాను.

జనవరిలో మూడో టీకా వెయ్యడానికి కొండ మీదికి బయల్దేరాం. టీకాల ఐసుపెట్టె ఆయన ఒళ్లో, ఆయన నా వెనక. దారి పొడుగునా చెవిలో పోరు. మెల్లగా పోనీ. ఎడమకి వొంగు. అటు కాదు, ఇటు. అక్కడ వేరు ఉంటుంది, చూసుకో. ఆ కొండ ఆయనకి అరచేతి గీతల్లా తెలుసు. నాకు ఎదర తెల్లగా ఉన్నది దారో లోయో కూడా తెలియడం లేదు. భయంతో నాకు తెలిసిన దేవుళ్లందరికీ తలా ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాను.

పైన చివరి ఇంట్లో తొంభై దాటిన ముసలామె గుమ్మంలోనే నిలబడి ఉంది. హెల్మెట్ తీసిన నన్ను కిందికీ పైకీ చూసింది. డాక్టరు రాడని ఊళ్లో అనుకుంటున్నారట, వస్తాడో రాడో చూద్దామని పొద్దుటి నుంచి అక్కడే నిలబడిందట. చొక్కా చెయ్యి ముందే మడిచి పెట్టుకుంది. మా ఆయన సూది వేసి, ఆమె కాళ్ల వాపు నొక్కి చూసి, ఆవుల క్షేమం అడిగారు. ఆమె ఆయన చెయ్యి వదలడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. ఆ చెయ్యి వదలనివాళ్లు ఇక్కడ ఉన్నంతకాలం ఈయన ఇంట్లో కూర్చోరని నాకు అప్పుడు అర్థమైంది.

దిగేటప్పుడు వెనక నుంచి పోరు లేదు. దేవదారుల మలుపు దగ్గరికి వచ్చేసరికి నా భుజం మీద తట్టారు. వేగం తగ్గించాను.

"ఇక్కడే" అన్నారు.

"ఏమిటండీ?"

"నిరుడు బండి ఆగింది ఇక్కడే. నడిచి వచ్చానన్నానే, అది కాస్త తర్వాత. ముందు ఆ చెట్టు కింద కూలబడ్డాను. లేవలేననుకున్నాను. నిద్ర ముంచుకొచ్చింది. డాక్టర్ని కదా, ఆ నిద్రంటే ఏమిటో తెలుసు. నువ్వొక్కదానివే ఉంటావు ఇంట్లో అని... అదే తలుచుకుని లేచాను."

మాట్లాడితే తిట్లే వచ్చేవి. ఇంత పెద్ద సంగతి ఒక చలికాలం, ఒక వేసవి, అన్ని జూమ్‌లూ కడుపులో దాచుకుని, ఎర్ర బండి, నీలం బండి అంటూ తిరిగారు ఈ మనిషి. కోపమో ప్రేమో తెలియలేదు, ఏడుపు మాత్రం ఆగలేదు. హెల్మెట్ లోపల ఏడిస్తే అద్దమంతా ఆవిరి పడుతుంది. దారి కనిపించక బండి ఆపేశాను.

ఆయన ముందుకి వొంగి, నా హెల్మెట్ మీద వేలితో టకటకా కొట్టారు.

"ఆగిపోయిందా? నే చెప్తూనే ఉన్నాగా, ఎర్రది కొందామని!"