అత్తయ్య ఇస్తానన్న గోరు

కాపురానికి వచ్చిన రెండో ఏడు, అరవైల మొదట్లో, పెదకాకాని దగ్గర మా ఇంట్లో అత్తయ్యా నేనూ రోట్లో కారం దంచుతున్నాం. చెరో రోకలి. అంచుకు ఎగిరిన మిరపకాయల్ని నేను చేత్తో లోపలికి తోస్తుంటే ఆవిడ రోకలి నా కుడి బొటనవేలి మీద పడింది. నెత్తురు కనపడకముందే మంట తెలిసింది.

అత్తయ్య చెంబుతో నీళ్లు తెచ్చి నా వేలు ముంచింది.

గోరు ఊడిపోయింది. కొత్తది వచ్చిందిగానీ మధ్యకు చీలి, రెండు ముక్కలుగా పైకి లేచింది. చీరకు తగులుకునేది. అన్నం కలిపితే పచ్చడి ఆ చీలికలోకి దిగి కళ్ల నీళ్లు తిరిగేవి. ఏడాదిన్నర చూసి, అత్తయ్యే నన్ను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరుగారు వేలు అటూ ఇటూ తిప్పి చూశారు. “గోరు కింద మెత్తటి పొర మచ్చకట్టిందమ్మా. మచ్చ మీద గోరు అతుక్కోదు. అది తీసేసి, కాలి బొటనవేలి గోరు కింద నుంచి పల్చటి పొర తెచ్చి ఇక్కడ కుట్టాలి.”

“నా కాలిది తీసుకోండి బాబూ,” అంది అత్తయ్య. అప్పటికే చెప్పు విడిచింది.

“ఒకరిది ఇంకొకరికి పట్టదమ్మా. ఈ అమ్మాయిదే కావాలి.”

ఆవిడ చెప్పు మళ్లీ తొడుక్కుంది. “మరి పిల్లకి రెండు చోట్ల నొప్పి కదండీ?”

మత్తు సూదులిచ్చి చేశారు. చేతికో కట్టు, కాలికో కట్టు. మూడు వారాలు అత్తయ్యే నాకు ముద్దలు కలిపి పెట్టింది, తల దువ్వి జడ వేసింది. రోకలి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ కావాలనే కొట్టిందేమో అన్న అనుమానం నాలో ఉండేది. ఆ చేతి ముద్దలు మింగుతూ కూడా ఉండేది.

గోరు పూర్తిగా రావడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. మధ్యలో చిన్న గాడి పడింది, అయినా అతుక్కునే ఉంది. కాలి గోరు కొంచెం వంకరపోయింది.

ఒక మధ్యాహ్నం కళ్లంలో కాయలు ఎండబోసి నీడకు చేరాం. అత్తయ్య నా చెయ్యి ఒళ్లోకి లాక్కుని ఆ గోరు తడిమింది.

“చెయ్యి జారిందమ్మాయ్. కావాలని కాదు,” అంది.

“కావాలనే అనుకున్న రోజులున్నాయి అత్తయ్యా,” అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“అనుకుంటావని తెలుసు,” అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.