వేల్పు చోట పడిన ఇంటి గుర్తు

ఖమ్మంలో మణుగూరు బస్సు ఉదయం ఆరున్నరకు ఎక్కాను. కండక్టర్ నా ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి, "చుట్టాలింటికా అమ్మా?" అని అడిగాడు. కాదు, పినపాక అవతల అడివిలో ఒక ఇల్లు ఫోన్‌లో బుక్ చేసుకున్నానని చెప్పాను.

"ఫోన్‌ల అడివి గూడ దొరుకుతున్నదా?" అంటూ ముందుకెళ్లాడు.

నాకు పెద్ద హోటళ్లు పడవు. అడవిని పాడుచేయకుండా ఊరివాళ్లే నడిపే బసలను చూపే యాప్‌లో సుక్కమ్మ ఇల్లు కనిపించింది. మట్టిగోడలు, వెదురు తడిక, ప్లాస్టిక్ సీసాలు తేవద్దని ఒక మాట. చూడగానే మనసైంది.

మణుగూరులో దిగేసరికి పదకొండయింది. ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. రోడ్డు అయిపోయిన చోట దిగి, మ్యాపు చెప్పినట్టే మిట్ట ఎక్కాను. మోకాళ్లు నన్ను తిట్టుకుంటుండగా, చెట్ల గుంపు ముందు "మీరు చేరుకున్నారు" అంది ఫోను. ఇల్లు లేదు. బండ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"చెప్పులు ఆడనే ఇడువు బిడ్డా. ఇది మా వేల్పు చోటు. ఇల్లు గా కింద ఉన్నది. అందరు గిట్లనే వస్తరు."

ఆయన సోమయ్య, సుక్కమ్మకు మామ. బసకు చుట్టాలొస్తారని తెలిస్తే చాలు, పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చుంటాడట. నా సంచి తనే పట్టుకుని, నా నడకకు తగ్గట్టు ఆగుతూ ఇంటికి తీసుకెళ్లాడు.

అన్నం, నాటుకోడి కూర వడ్డిస్తూ సుక్కమ్మ అసలు సంగతి చెప్పింది. ఊరిలో సిగ్నల్ ఆ మిట్ట మీదే వస్తుంది. యాప్‌లో ఇల్లు నమోదు చేసిన రోజు ఆమె అక్కడే నిలబడి 'ఇదే చోటు' అని నొక్కింది. మ్యాపులో ఇంటి గుర్తు వేల్పు దగ్గర పడింది. మార్చాలంటే ఇంట్లో నిలబడి నొక్కమంటుంది యాప్, ఇంట్లోనేమో సిగ్నల్ లేదు.

"మొన్న కొందరు చెప్పులతోని లోపల్కి పోయిండ్రు అక్కా. వేల్పు పండుగలోపు గుర్తు మారకుంటే చుట్టాలను పిలువద్దన్నరు పెద్దమనుషులు. ఇది బందైతే మల్ల వేరే ఊర్లకు మిర్చి ఏరబోవాలె. నెలలకు నెలలు మామ ఒక్కడే ఉంటడు."

ఆ మాటకు చేతిలో ముద్ద మళ్లీ విస్తట్లో పెట్టేశాను. సోమయ్య మాత్రం నా విస్తట్లో ఇంకో ముక్క వేయమని కోడలికి సైగ చేస్తున్నాడు.

నా ఫోన్‌లోని దిక్సూచి, సిగ్నల్ లేకున్నా మనమున్న చోటును అంకెల్లో చూపిస్తుంది. కొండలెక్కే మా మేనల్లుడు నేర్పిన విద్య అది. వాకిట్లో నిలబడి నేను అంకెలు చదువుతుంటే సుక్కమ్మ అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. మరునాడు పొద్దున్నే ముగ్గురం మిట్ట ఎక్కాం. వేల్పుకు దండం పెట్టి, పక్కన నిలబడి చూస్తే, యాప్‌లో ఒక మూల చోటును అంకెల్లో రాసే గడి ఉంది; అందులో ఆమె ఒక్కో అంకె కొట్టింది. పరిశీలిస్తున్నామంది యాప్.

మధ్యాహ్నం నేను బయల్దేరేదాకా జవాబు రాలేదు. మిట్ట దగ్గరే వాళ్లిద్దరికీ చెప్పి, సగం మనసుతో ఆటో ఎక్కాను. మణుగూరులో నాలుగింటి బస్సు దొరికింది. కొత్తగూడెం రాకముందే మిట్ట మీంచి సుక్కమ్మ ఫోన్.

"అక్కా, గుర్తు మారింది. పెద్దమనుషులకు సూపెట్టిన. అవ్, నడుపుకో అన్నరు."

కళ్లు తుడుచుకున్నాను. పక్కసీటామె ఏమైందని అడిగితే, ఒకామె ఈ ఏడు మిర్చి ఏరడానికి పోనక్కర్లేదమ్మా అన్నాను. ఇంతలో అవతల ఫోన్ సోమయ్య చేతికి వెళ్లింది.

"ఇగ ఎవలు తప్పిపోరు గద బిడ్డా?"

"పోరు తాతా. సీదా మీ ఇంటికే వస్తారు."

"మంచిదే." అన్నాడు సోమయ్య. "మరి నేను ఎవలికి ఎదురు పోవాలె?"

ఇన్నేళ్లలో ఎన్నో ఊళ్లు తిరిగాను. నా కోసం పొద్దటి నుంచి బండ మీద కూర్చున్న మనిషి ఇంకెక్కడా లేడు.

"నాకు తాతా," అన్నాను. "నేను మళ్లీ వస్తే పాత దారినే వస్తాను."