లైను చివర ఎంటర్

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్నకు మరీ బాగా తెలుసు.

నాన్న పద్మారావు నగర్‌లో ముప్ఫై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. తప్పు వేలితో కొట్టారని ఏ ఒక్కరినీ కసిరింది లేదు. "ఏం గాదు బిడ్డా, మళ్ల కొట్టు" అనేవాడు, అంతే. కంప్యూటర్లు వచ్చాక నేర్చుకునేవాళ్లు రావడం మానేశారు. మిషన్లన్నీ పాత సామాన్లవాడికి పోయాయి. బోర్డు మాత్రం నాన్న మంచం కింద దాచుకున్నాడు.

నేను పనిచేసే బడిలో కంప్యూటర్ సర్టిఫికెట్ కావాలన్నారు. దూరవిద్యలో చేరబోతుంటే నాన్న, "నాకు సుత ఒక ఫారం తే" అన్నాడు.

"డెబ్బై ఏళ్లకు నీకెందుకు నాన్నా?"

"సర్టిఫికెట్ వస్తే బోర్డు మీద కంప్యూటర్ అని రాయిస్తా. మళ్ల షురూ చేస్తా."

పోస్టులో రెండు సెట్ల పుస్తకాలొచ్చాయి. నాన్న తన వాటికి అట్టలు వేసుకున్నాడు, సీపీయూ బొమ్మ స్కేలు పెట్టి గీశాడు, అసైన్‌మెంట్లు నాకంటే ముందే రాసేశాడు. నావి ఆయనవి చూసి రాసినవే, దాచడమెందుకు.

చిక్కంతా బేగంపేటలో ఆదివారం ల్యాబ్ దగ్గర వచ్చింది. నాన్న వేళ్లు చూడకుండానే పరుగెత్తేవి. కానీ లైను చివరికి రాగానే ఎంటర్ కొట్టేవాడు. టైపు మిషన్ మీద లైను అయిపోతే మీట చేత్తో పక్కకు నెట్టి కింది లైనుకు రావాలి, ఆ అలవాటు. కంప్యూటర్‌లో లైను దానంతటదే కిందికి దిగుతుందని చెబితే తలూపి, మళ్లీ కొట్టేవాడు. అక్షరాల సైజు మార్చగానే పేజీ అంతా ముక్కలయ్యేది. ప్రతి వారం పక్కన కూర్చుని నేనే సరిచేయాలి.

పరీక్ష మూడు వారాలుందనగా నాకు తిక్క రేగింది. "ఎన్నిసార్లు చెప్పాలె నాన్నా? నీకు రాదిది. ఇంక నువ్వేం నేర్పుతవ్ ఒకళ్లకు!" అని అరిచాను. క్లాసంతా తిరిగి చూసింది.

నాన్న కంప్యూటర్ ఆపి లేచాడు. మెట్రోలో ఇంటికి వచ్చేదాకా బయటికే చూశాడు. తర్వాతి ఆదివారం, "మోకాలు నొస్తుంది, నువ్వు పో బిడ్డా" అన్నాడు. ఆపై ఆదివారమూ అదే మాట. తప్పయిందని చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. పరీక్షకు ఐదు రోజుల ముందు, పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు.

ఛీ, ఒక్క మాట. చెప్పడానికి ఎంతసేపు పట్టేది?

పరీక్షకు వెళ్లాను. ఇద్దరం ఒకేసారి ఫారాలు ఇచ్చాం కాబట్టి నంబర్లు పక్కపక్కనే వచ్చాయి. పక్క కంప్యూటర్‌కు నాన్న నంబరు అంటించి ఉంది, కుర్చీ ఖాళీ. ఒక ఉత్తరం టైపు చేయమన్నారు. మొదటి లైను చివరికి వచ్చి ఎంటర్ కొట్టాను. రెండో లైను చివరా కొట్టాను. మూడోదానికీ అంతే. తెలిసే కొట్టాను.

వెనక నిలబడ్డ మేడమ్ వంగి చూసింది. "ఏందమ్మా, లైను లైనుకు ఎంటర్ కొడుతున్నవ్? మార్కులు పోతయ్."

"మా నాన్న గిట్లనే కొడతడు మేడమ్" అన్నాను.

ఆమెకేం అర్థమైందో తెలియదు. నా మొహం చూసి, భుజం మీద చెయ్యి వేసింది.

"ఏం గాదు, టైముంది. మళ్ల కొట్టు."

నాన్న పోయిన రోజు రాని ఏడుపు అక్కడ వచ్చింది.