గుమ్మం బయట నలభై నిమిషాలు

మా ఇంటి కాలింగ్ బెల్ నా పరువు ఎలా తీసిందో ఢిల్లీ మయూర్ విహార్‌లో తెలుగువాళ్ళందరికీ తెలుసు. మీకింకా తెలియలేదంటే మీకు చెప్పేవాళ్ళు లేరన్నమాట. మామూలుగా ఆ పని చేసేది నేనే. ఈసారి నా గురించి కూడా నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

మావారు కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. కాగితం మొత్తం చదవనిదే సంతకం పెట్టరు. మిక్సీ కొన్నా సరే, వారంటీ కార్డు రెండువైపులా చదివాకే ప్లగ్గు పెట్టనిస్తారు. అందుకని ఆయన టూరుకి వెళ్ళిన రోజు చూసి కెమెరా ఉన్న బెల్లు పెట్టించాను. గుమ్మం దగ్గరికి ఎవరొచ్చినా ఫోన్లో కనిపిస్తారు. ఎదురింటికి ఎవరొస్తున్నారో చూడ్డానికే కొన్నానని గిట్టనివాళ్ళు అంటారు. ఎదురిల్లు కనిపించే మాట నిజమే.

బిగించడానికి వచ్చినతను ఫోన్ నా చేతికిచ్చి, "ఆంటీజీ, బస్ అలౌ అలౌ కర్తే జాయియే" అన్నాడు. అడిగినవాటన్నిటికీ అలౌ నొక్కుతూ పోవడమేనట. కెమెరాకి అలౌ, మైకుకి అలౌ, ఇంకా దేనిదేనికో అలౌ. చివర్న షరతులు చాంతాడంత వచ్చాయి. కిందికి తోసేసి ఒప్పుకున్నాను.

వేసవిలో తణుకు వెళ్తూ, పార్సిళ్ళు వస్తే తీసుకోమని రెండో అంతస్తు సరళని కూడా ఆ యాప్‌లో చేర్చాను. మా గుమ్మం దగ్గర ఏం కదిలినా తన ఫోన్‌కీ వీడియో ముక్క వెళ్తుంది. తిరిగొచ్చాక తన పేరు తీసెయ్యాలని తోచలేదు. తాళంచెవి ఇచ్చి ఉంటే రైలు దిగగానే అడిగి తీసుకునేదాన్ని.

సరళ నాకు పన్నెండేళ్ళుగా తోడు. నేను తనకి అందరి సంగతులూ చెబుతాను. తను నాకు తన సంగతులు మాత్రమే చెబుతుంది. తనలో ఉన్న లోపం అదొక్కటే అనుకునేదాన్ని.

ఆమధ్య ఒకరోజు వచ్చి కూర్చుంది. కూతురు మౌనిక సాకేత్‌లో ఉద్యోగం మానేసిందట. తండ్రికి తెలీదు. రోజూ అదే టైముకి లంచ్ బాక్సు పట్టుకుని మెట్రో ఎక్కుతోందట, కేకులు నేర్పే క్లాసుకి.

"ఆయనకి మెల్లిగా నేనే చెప్పుకుంటాను వదినగారూ. అంతవరకూ మీ కడుపులో దాచుకోండి" అంది.

దాచుకున్నాను. తొమ్మిది రోజులు. నా వరకు అది రికార్డు.

పదో రోజు ఆదివారం. ఘాజియాబాద్ నుంచి నా స్నేహితురాలు పద్మ వచ్చింది. మనవాళ్ళ సంగతి తెలుసుగా. సోఫాలో కూర్చున్నంతసేపూ ఎండ గురించీ పనిమనిషి గురించీ మాట్లాడతాం. "మరి వెళ్ళొస్తా" అని లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దాటాక అసలు మాటలు మొదలవుతాయి. పద్మ చెప్పులేసుకుని నలభై నిమిషాలు నిలబడింది. లిఫ్టు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళిపోయింది. బెల్లు మా చెవుల ఎత్తులో గోడకి ఉంది.

"ఎవరితోనూ అనకు పద్మా" అని మొదలుపెట్టి మౌనిక సంగతి అంతా చెప్పేశాను. అక్కడితో ఆగినా సరిపోయేది. "సరళకి నేనంటే ఎంత నమ్మకమో, పిచ్చిది" అని కూడా అన్నాను.

సాయంత్రం సరళ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ బెల్లు వీడియోలు రోజూ వస్తూనే ఉంటాయి వదినగారూ. మీ గుమ్మంతో నాకేం పనని ఎప్పుడూ తెరవను. ఇవాళ వరసగా పదకొండు వచ్చేసరికి, మీకేమైందోనని కంగారుపడి నొక్కాను."

"మంచి పని చేశావు" అన్నాను. నాకింకా అర్థం కాలేదు.

"నోయిడా నుంచి కార్లో వస్తున్నాం. నా ఫోను కారు స్పీకర్‌కి కలిపి ఉంది."

వాళ్ళ కారు నడిపేది మౌనిక తండ్రే. "అన్నయ్యగారు..."

"కారు పక్కకి ఆపి, రెండోసారి పెట్టమన్నారు."

"ఏమన్నారు?"

"కూతురి సంగతి కాదు ఆయన బాధ. ఘాజియాబాద్‌లో తెలిశాక నాకు తెలుస్తోందా అన్నారు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "పిచ్చిది అన్నారు చూడండి, అది మాత్రం నిజమే వదినగారూ."

అరిచినా బాగుండేది. అరిచిన వాళ్ళని సముదాయించడం నాకు వచ్చు.

మావారు వచ్చి, సంగతి విని, కళ్ళజోడు పెట్టుకుని షరతులన్నీ చదివారు. గంటన్నర పట్టింది. మాటలు కూడా రికార్డవుతాయని, యాప్‌లో చేర్చిన ప్రతి మనిషికీ వెళ్తాయని, అక్కర్లేకపోతే ఆపుకోవచ్చని అన్నీ ఉన్నాయి. "స్పష్టంగా రాశాడు. కంపెనీ తప్పేం లేదు" అన్నారు. కట్టుకున్నవాడు కంపెనీ పక్షం చేరడం నాకు కొత్త. మైకు ఆపేశాం, సరళ పేరు తీసేశాం. తీసేస్తున్నప్పుడు యాప్ "ఈ వ్యక్తిని తొలగించాలా?" అని అడిగింది. అవునన్న చోట మావారి చేతే నొక్కించాను.

కందిపొడి పట్టుకుని మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అడిగాను. క్షమించానంది. కాఫీ ఇచ్చింది. ఢిల్లీ గాలి ఎంత పాడైపోయిందో చెప్పింది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. మౌనిక తండ్రి కోపం నాలుగు రోజుల్లో తగ్గిందని నాకు వాచ్‌మన్ ద్వారా తెలిసింది. చూడండి నా స్థితి.

తర్వాత ఒకరోజు లిఫ్టులో సరళ కనిపించింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీకొక్కరికే చెబుతున్నాను వదినగారూ, ఎవరితోనూ అనకండి. మౌనిక ఇంట్లోనే కేకులు మొదలెట్టింది. గుడ్డు వెయ్యదు. రెండు రోజులు ముందు చెబితే చాలు."

మళ్ళీ నమ్మింది కదా అని ఆ సంతోషం పట్టలేక సాయంత్రంలోపు నలుగురికి చెప్పేశాను. మర్నాడు పొద్దున్నకి పద్నాలుగు ఆర్డర్లు వచ్చాయట. సరళే వచ్చి థాంక్స్ చెప్పింది. "ఈ పని మీ వల్లే అవుతుందని నాకు తెలుసు" అంది. వెటకారం కూడా లేదు.

ఇప్పుడు వారానికో రహస్యం చెబుతోంది. కేకుల్లో కొత్త రకాలు, ఆర్డర్లు తీసుకోని సెలవు రోజులు, అంతే. అసలు సంగతులు ఎవరికి చెప్పుకుంటోందో కనుక్కుందామని నాలుగిళ్ళు తిరిగాను. ఎవరికీ తెలీదు. ఎవరో నోరు విప్పని మనిషే దొరికినట్టుంది.